ఒడ్డు మీద పెత్తనం

జాలారిపేటలో ఎవరూ రాయని చట్టం ఒకటుంది. నీళ్ళు మగవాడివి, ఇసక ఆడదానిది. పడవ ముక్కు ఇసకకి తగిలేదాకా అందులో ఉన్న చేపంతా గురువులుది. తగిలాక ఒక్క నెత్తలి పిల్ల కూడా ఆయనది కాదు, ఆయన పెళ్ళాం సీతాలుది. ఏది అమ్మాలో, ఏది ఎండబెట్టాలో, ఏది ఇంటి కూరకి ఉంచాలో అంతా ఆవిడే చెబుతుంది. ఎంతకి అమ్మావని గురువులు అడగడు. ఏ మూల వల వేశావని సీతాలూ అడగదు. అలా ఒకరి రాజ్యంలోకి ఒకరు తొంగిచూడకుండా ముసలివాళ్ళయిపోయారు.

సీతాలు మనిషి పొట్టి. తట్ట నెత్తిన పెట్టుకుని ఫిషింగ్ హార్బరు గేటులోంచి వస్తుంటే దూరానికి తట్టే నడిచొస్తున్నట్టు ఉంటుంది. గొంతు మాత్రం దేవుడు వేరే ఎవరికో తయారు చేసి, తొందరలో ఈవిడకి బిగించేశాడు. ఆవిడ వంజరం ముక్క బేరమాడుతుంటే అవతలి వీధి కుక్కలు కూడా లేచి నిలబడతాయి. లోకంలో ఆవిడకి శత్రువులు ఇద్దరే. ఒకటి వాన, రెండు వరహాలమ్మ. వరహాలమ్మది పక్క గుమ్మం, బజారులో పక్క తట్ట. ఆవిడతో రోజూ పొద్దున్న తగువు పడకపోతే సీతాలుకి టీ దిగదు. వానతో అలా కాదు, అది నిజమైన పగ. నెత్తళ్ళు, కవళ్ళు లాంటి చిన్న చేపలు ఇసక మీద పరిచి, కాకుల్ని తోలుతూ, మెడ పైకెత్తి మబ్బు కేసి చూస్తూనే ఆవిడ వయసు గడిచిపోయింది. నాలుగు చినుకులు పడితే చాలు, ఎండిన చేప మెత్తబడి పురుగు పడుతుంది. అందుకే ఇంట్లో పెళ్ళిపీట లేకపోయినా పర్లేదు గానీ చేపల మీద కప్పే పరదాపట్టా లేకుండా సీతాలు గడప దాటదు.

గురువులు కళ్ళకి శుక్లాలు తీయించుకున్నాక, మోకాళ్ళు కూడా మొరాయించాక సముద్రం మానేశాడు. పడవ ఇప్పుడు మేనల్లుడు నడుపుతున్నాడు. ఆయన మాత్రం పొద్దున్నే పోయి ఇసక మీద కూర్చుంటాడు, మొహం నీళ్ళవైపు, వీపు పేటవైపు. సీతాలు చేపలు పరిచే చోటు నుంచి ఆ వీపే కనపడుతుంది. "ఆ ఈపు మీద నాలుగు కవళ్ళు ఎండేసినా ఆయనకి తెలీదు" అంటుంది ఆవిడ.

వాళ్ళ కొడుకు మోహన్‌ది కూడా సముద్రం మీద పనే, కాకపోతే చేపలు పట్టడు. పెద్ద టూరిస్టు ఓడలో, లాండ్రీలో ఉద్యోగం. మా వాడు సముద్రం మీద బట్టలుతుకుతాడని సీతాలు చెబితే మొదట్లో పేటలో ఎవరూ నమ్మలేదు. ఉప్పునీళ్ళలో సబ్బు నురగ రాదు కదా అని వరహాలమ్మ పాయింటు తీసింది. దానికి జవాబు తెలియక సీతాలు వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

ఒక సాయంత్రం ఆ మోహన్ వీడియో కాల్ చేశాడు. ఫోను కోడలు అనూరాధ పట్టుకుంది. మనవరాలు చంద్రిక పక్కన నిలబడింది. చంద్రిక ఇంటర్ తప్పి మొబైల్ షాపులో పనికి కుదిరిన పిల్ల. మళ్ళీ రాస్తానని ప్రతి ఏడాదీ అంటుంది, ఆ ఏడాది వచ్చేసరికి ఇంకో ఏడాది చూపిస్తుంది.

"అమా, కంపెనీవోలు ఓ ట్రిప్పు అమ్మా అయ్యల్ని ఓడెక్కించుకోమన్నారు" అన్నాడు మోహన్. "బొంబాయిలో ఎక్కుతారు. మస్కట్ ఎల్తాం, మళ్ళా బొంబాయి. మస్కట్‌లో ఓ రోజు ఆగుద్ది. పొద్దున్న దిగితే సాయంత్రం దాకా ఊరు తిరగొచ్చు."

"అదెక్కడ్రా?"

"ఎడారి రేవమా. కొండలు కూడా బోడే. గడ్డిపోస ఉండదు. వానే పడదు."

సీతాలు అనూరాధ చేతిలోంచి ఫోను లాక్కుంది. "అసలు పడదా?"

"ఏడాదికి ఓ పాలి పడితే గొప్ప."

ఆ తరవాత మోహన్ చెప్పిందేదీ సీతాలు వినలేదు. వాన పడని సముద్రపొడ్డు. మెడ ఎత్తక్కర్లేని ఇసక. అవతల మోహన్ చెప్పుకుపోతున్నాడు, ఆ రోజు తన డ్యూటీ వంతు పడొచ్చని, రేవులో ఆగినా ఓడలో కొంతమంది ఉండి తీరాలని రూలని, తను దిగలేకపోతే ఏమీ అనుకోకుండా ఇద్దరూ ఊరు చూసి రావాలని. అవన్నీ గోడకి ఆనుకుని వల కుట్టుకుంటున్న గురువులు విన్నాడు. వింటూనే ఇంకో ముడి వేశాడు. ఆయన ఏది వింటాడో ఏది వినడో ఎవరికీ తెలియదు, మొహం ఒకటే.

వెళ్ళడానికి ముందు ఒక చిక్కు తేలాలి. జాలారిపేట ఆడది పడవెక్కదు. సీతాలు నలభై ఏళ్ళకి పైగా పడవ తెచ్చిన కూడు తిన్నది గానీ పడవలో ఒక్క కాలు పెట్టలేదు. పెడితే సముద్రపు తల్లి గంగమ్మకి కోపం. పేటలో అందరికంటే పెద్దావిడ గంగాలమ్మ దగ్గరికి పోయి అడిగింది. ఆవిడ నోట్లో చుట్ట తిప్పుకుంటూ విచారణ మొదలుపెట్టింది.

"దాన్లో వలుందేటి?"

"నేదు."

"సేపలు పడతారేటి?"

"పట్టరు. బట్టలుతుకుతారు."

"వల నేనిది పడవెలగవుద్ది? అది నీళ్ళ మీద ఇల్లు. ఎక్కు."

కోర్టులు కూడా ఇంత తొందరగా తీర్పు చెప్పవు. సీతాలు గంగమ్మకి ఒక కొబ్బరికాయ కొట్టి, ముందు జాగ్రత్తకి ఇంకోటి కూడా కొట్టింది.

ఇక మిగిలింది ఆ ఒక్క రోజు. అక్కడ దిగాక ఏం చెయ్యాలో ఎవరు తేల్చాలి? ఒడ్డు కాబట్టి సీతాలే. రోజూ సాయంత్రం తట్ట కడిగి బోర్లించాక, గుమ్మం మెట్టు మీద సభ మొదలయ్యేది. అనూరాధ బంగారం బజారు చూడమంది. కొనకపోయినా డిజైన్లు ఫోటో తీసుకురమ్మంది. చంద్రిక ఫోనులో వీడియోలు చూపించింది. కొండ మీద కోట, రేవు వెంబడి తెల్లటి రోడ్డు, అత్తరు కొట్లు.

"కోటలో ఏటుంది?" అంది సీతాలు.

"రాజులుండేవోరు మామ్మా."

"ఇప్పుడున్నారా?"

"నేరు."

"మరి ఉత్తి ఇంటికెల్లి ఏటి సేత్తాం? కింద నుంచి సూత్తే కనపడతంది కదా, సాల్దా."

అసలు ఇబ్బంది ఇదీ. చేపలు దిగాక ఎవరు ఎటు పరిగెత్తాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే మనిషి, ఏ పనీ లేకుండా ఊరు తిరగడం ఎలాగో తెలియక తికమకపడింది. పుట్టి బుద్ధెరిగాక సింహాచలం తప్ప ఎక్కడికీ ఊరికే వెళ్ళలేదు. అదైనా దేవుడితో పని ఉండి. చివరికి చంద్రిక రేవు గేటు పక్కనే చేపల బజారు ఉందని చూపించాక గానీ ఆవిడ ప్రాణం కుదుటపడలేదు. దిగగానే ముందు బజారు. ఆ తరవాత చేపలెండబెట్టే ఇసక ఎక్కడుందో అడిగి అక్కడికి. కోట కింద నుంచి. ఒంటె దూరం నుంచి.

"ఒంటెలకి అక్కడ ఎండు కవళ్ళు మేతేత్తారంట మామ్మా" అంది చంద్రిక. దీంట్లో నిజమెంతో ఆ పిల్లకే సరిగ్గా తెలియదు. ఎక్కడో చూసింది, వాడేసింది.

"గొడ్డు కవళ్ళు తినడమేటే?"

"నువ్వు అక్కడెల్లి అడుగు."

అప్పటిదాకా వల మీంచి తల ఎత్తని గురువులు అప్పుడు నోరు విప్పాడు.

"మీరెల్లి రండి. నాను ఓడలో ఉంటాను."

సీతాలు ముందు నవ్వింది. ఎగతాళి అనుకుంది. ఆయన మళ్ళీ అదే అన్నాడు, అదే మొహంతో. "అక్కడ నాను దిగను. ఒడ్డు నీది. నువ్వు సూసుకురా."

ఆ మాట సీతాలుకి ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే ఇది కొత్త మాట కాదు. మోహన్ పెళ్ళిబట్టలకి తగరపువలస వెళ్ళినప్పుడు కూడా ఆయన బస్టాండులో బెంచీ మీద కూర్చుని, ఒడ్డు నీది, కొనుక్కురా అన్నాడు. ఆవిడ కొట్టు కొట్టూ ఒక్కతే తిరిగి వచ్చేసరికి కునుకు తీస్తున్నాడు. ఆయన సముద్రంలో ఉంటే ఆవిడ ఒడ్డున, ఆవిడ బజారులో ఉంటే ఆయన నిద్రలో. ఇద్దరూ పక్కపక్కన నడిచి ఒక ఊరు చూసింది లేదు. ఆవిడ బేరమాడగా ఆయన చూసిందీ లేదు. పేటంతా, పేట కుక్కలతో సహా చూసింది, ఆయన తప్ప.

పోనీ వేరే ఊళ్ళైనా చూశాడా అంటే అదీ లేదు. ఓసారి గాలికి పడవ ఎటో కొట్టుకుపోయి తెలియని ఒడ్డుకి చేరింది. పడవలో వాళ్ళంతా ఊళ్ళోకి పోయి ఇడ్లీలు తిని, సంత తిరిగి, ఒకడైతే గుండు కూడా కొట్టించుకుని వచ్చాడు. గురువులు ఒక్కడూ పడవ దగ్గరే. కొత్త ఒడ్డున పడవని ఒంటరిగా వదలకూడదు, ఒక మనిషి కాపలా ఉండాలి. ఎప్పుడూ ఆయనే ఉండేవాడు. కాపలా మనిషికి ఊళ్ళోంచి తెచ్చిన దాంట్లో మొదటి వాటా ఇస్తారు గనక, ఆ రోజు ఆయనకి ఇడ్లీలు దక్కాయి. ఆ ఊరి పేరు ఇప్పటికీ తెలియదు.

"ఆయన కోసమే కదే ఈ పయనమంతా" అంది సీతాలు అనూరాధతో, చేపలు తిరగేస్తూ. "నీళ్ళు సూత్తాడు, నీళ్ళ మీదకెల్తాడు అని. ఆ ఒక్క రోజూ నాతో నడవడానికి కాళ్ళు రావేటి?"

"మోకాళ్ళ నొప్పనుకుంటాను అత్తా."

"మరి రోజూ ఇసక దాకా ఎల్తన్నాయి ఆ మోకాళ్ళు."

అక్కణ్ణించి ఆవిడ ఆ రోజుకి వేసే ప్లానంతా గురువులుకి ఎరగా మారిపోయింది. అక్కడ పాతకాలపు చెక్క ఓడలుంటాయట అని గాలిలోకి ఒక మాట వదిలేది. గురువులు వల కుట్టేవాడు. అక్కడి వాళ్ళు ఒడ్డు మీంచే పెద్ద వల లాగుతారట అనేది. దారం కొరికేవాడు. ఒంటె కవళ్ళు తినడం నిజమో అబద్ధమో తేల్చడానికి మగమనిషి కావాలనేది. "సంద్రికని అడుగు" అనేవాడు. ఒక రోజు విసిగిపోయి, అయితే నేనూ దిగను, ఇద్దరం ఓడలోనే కూర్చుని గోడలు చూద్దాం అంది. దానికి మాత్రం ఆయన కంగారు పడ్డాడు.

"నువ్వు దిగాల. దిగకపోతే ఎలగ? మరి ఆడికి..." అని ఆగిపోయాడు.

"ఎవడికి?"

"ఏటీ నేదు. దిగు."

వరహాలమ్మ ఈ సంగతంతా గోడ మీంచి వినేసింది. "ఏటి సీతాలూ, మీ ఆయన నీతో నడిత్తే సిన్నతనమనుకుంటన్నాడేటి? పొట్టిదానివని?"

"నువ్వు పొడుగే కదా, మరి మీ ఆయన నీతో ఎప్పుడు నడిసేడు?"

ఆ రోజు తగువు బాగా సాగింది గానీ సీతాలుకి టీ దిగలేదు.

చివరికి బయల్దేరారు. పాస్‌పోర్టుకి గురువులు వేలిముద్రలు మిషను మీద పడక ఆఫీసులో చిన్న అల్లరి అయింది. తాళ్ళు లాగి లాగి అరిగిపోయిన వేళ్ళవి. సీతాలు సంచిలో పరదాపట్టా పెట్టుకుంటే అనూరాధ తీసేసింది. ఎడారికి పట్టా ఏమిటని. సీతాలు మళ్ళీ పెట్టింది. బొంబాయి రైలెక్కేసరికి ఆ పట్టాకున్న పాత నెత్తళ్ళ వాసనకి పై బెర్తు ఆయన టీటీని బతిమాలి వేరే బోగీకి మారిపోయాడు. కాళ్ళు చాపుకోవడానికి జాగా దొరికిందని సీతాలు సంతోషించింది.

ఓడ చూడ్డానికి గురువులు మెడ వెనక్కి వంచాల్సి వచ్చింది. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన నిలబెడితే కొండే చిన్నదయ్యేలా ఉందది. సీతాలు కుడికాలు పెట్టి ఎక్కింది, గంగమ్మా అనుకుంటూ. ఓడ బయటి నీళ్ళలోకి పోయాక ఆవిడకి కడుపులో తిప్పింది. జీవితమంతా సముద్రం మీద బతికిన ఇంటి మనిషి బాత్రూములో తల వంచి వాంతులు చేసుకుంటుంటే గురువులు వెనక నిలబడి నుదురు పట్టుకున్నాడు. ఒక్క ఎగతాళి మాట అనలేదు. అప్పుడప్పుడు, "ఊగినప్పుడు ఎదురు నిలబడకు, దాంతో పాటు ఊగు" అన్నాడు. సీతాలు వాంతి చేసుకుందన్న సంగతి జాలారిపేటలో ఎవరికీ తెలియదు. ఇప్పటిదాకా.

తెల్లబట్టల్లో మోహన్ మధ్యమధ్య వచ్చి కనపడి పోయేవాడు. గురువులు మాత్రం పడుచువాడైపోయాడు. మోకాళ్ళ సంగతే మరిచిపోయి పై నుంచి కిందకి, కింద నుంచి పైకి తిరిగాడు. గాలి ఎటు ఉందో, నీటి రంగు ఎక్కడ మారిందో సీతాలుకి వేలు పెట్టి చూపించాడు. ఇన్నేళ్ళలో తన రాజ్యం ఆవిడకి చూపించడం ఇదే మొదలు. సీతాలు ఊఁ కొట్టింది. రేపు నా రాజ్యం చూడ్డానికి నువ్వు రావు కదా అని మనసులో అనుకుంది, పైకి అనలేదు.

మస్కట్ వచ్చిన పొద్దున్న ఇద్దరూ పై వసారాలో నిలబడ్డారు. కొండలు నిజంగానే బోడివి. కాల్చిన ఇటుక రంగు. ఆకాశంలో మబ్బు తునక లేదు, ఎప్పుడూ ఉన్నట్టు కూడా లేదు. సీతాలు అలవాటు కొద్దీ మెడ ఎత్తి నాలుగు వైపులా చూసి, చూడ్డానికేమీ లేక దించేసింది. ఓడని తాళ్ళతో రేవుకి కడుతున్నారు. గురువులు ప్రతి తాడూ బిగిసిందాకా చూశాడు. జనం దిగడం మొదలుపెట్టారు. సీతాలు పసుపు చీర కట్టుకుని, సంచి భుజానికి వేసుకుని తయారుగా ఉంది. గురువులు ఒక కుర్చీ లాక్కుని, తాళ్ళు కనపడేలా కూర్చున్నాడు.

"ఆఖరి పాలి అడుగుతన్నాను మావా. వత్తావా రావా?"

"మోహన్ని పిలు" అన్నాడు గురువులు. "నాను ఇక్కడ కూకున్నానని సెప్పు. ఇంక ఆడు దిగొచ్చు."

సీతాలుకి అర్థం కాలేదు. "నువ్వు కూకుంటే ఆడు దిగడమేటి?"

"ఆ పోనులో సెప్పేడు కాదా? ఓడ దగ్గర మనిషుండాల, నా వంతు పడితే దిగను అని. కొత్త ఒడ్డు. ఉండాల మరి, తప్పు కాదు. ఆడి వంతు నానుంటాను. తల్లీ కొడుకులు ఎల్లి తిరిగి రండి. ఆడు నీ దగ్గరుండి ఎన్నాళ్ళయింది?"

సీతాలు సంచి కింద పెట్టింది. అంటే ఇన్నాళ్ళూ. ఎరలన్నీ వేసి, తగువులన్నీ పడి, వరహాలమ్మ చేత మాటలు పడి. ఈయన మాత్రం ఇంత పెద్ద ఓడకి, వేలమంది ఎక్కే ఓడకి, కాపలా కూర్చోవడానికి విశాఖపట్నం నుంచి బయల్దేరి వచ్చాడు.

సరిగ్గా అప్పుడే మోహన్ వచ్చాడు, మామూలు చొక్కా వేసుకుని. "బేగి రండి, నానూ దిగుతన్నాను. డ్యూటీ మార్చుకున్నాను."

"ఇదిగో, మీ అయ్య నీ వంతు కాపలా ఉంటాడంట" అంది సీతాలు.

మోహన్‌కి ముందు బోధపడలేదు. బోధపడ్డాక నవ్వు పొంగుకొచ్చింది. "కాపలాకి ఇదేటి తెప్పా, అయ్యా? దీనికి..."

సీతాలు వాడి కాలు తొక్కింది. తట్ట మోసి మోసి గట్టిపడ్డ పాదం. మోహన్ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"నీ వంతు ఎవడుంటన్నాడో సెప్పు మీ అయ్యకి" అంది.

"ఉమామహేష్ అయ్యా" అన్నాడు మోహన్, కాలు రుద్దుకుంటూ. "మన గాజువాక కుర్రోడు. ఆల నానది స్టీలు ప్లాంటులో పని. నాతోనే లాండ్రీలో ఉంటాడు. నా బదులు ఆడుంటన్నాడు."

"ఆడికి ఒప్పసెప్పకుండా ఎలగెల్తావు? సూపించు" అన్నాడు గురువులు.

కింద లాండ్రీ గుమ్మం దగ్గరికి పిలిపించాల్సి వచ్చింది. ఉమామహేష్ చేతిలో దుప్పట్ల మూటతోనే వచ్చాడు. గురువులు వాణ్ణి పైనుంచి కిందకి చూశాడు.

"బాబూ, ముందు పక్క తాడొకటి కొంచెం వదులుగా ఉన్నాది. సూత్తుండు. గాలి మారితే పెద్దోలికి సెప్పు. మేం సాయంత్రానికి వచ్చేత్తాం."

ఉమామహేష్ ఒకసారి మోహన్ కేసి, ఒకసారి సీతాలు కేసి చూశాడు. తెలివైన కుర్రాడు. "అలాగే తాతా. నేను చూసుకుంటాను. మీరు నిశ్చింతగా తిరిగి రండి" అన్నాడు.

అప్పుడు దిగాడు గురువులు. మెట్ల మొదట్లో ఆగి సీతాలుని ముందు నడవమన్నాడు. ఒడ్డు ఆవిడది కదా.

చేపల బజారు గుమ్మంలోకి అడుగు పెట్టగానే సీతాలు స్తంభించిపోయింది. నేల అద్దంలా ఉంది. ఈగ లేదు. అది సరే, అమ్మేవాళ్ళంతా మగవాళ్ళు. తెల్లటి పొడుగు చొక్కాలు, తలకి టోపీలు.

"ఆడోలేరీ?" అంది.

"ఇక్కడ మొగోలే అమ్ముతారమా" అన్నాడు మోహన్.

"మరి ఆడోలు సముద్రం మీదకెల్లేరేటి?"

గురువులు నవ్వాడు. పళ్ళు కనపడేలా. ఆ నవ్వు చూసి సీతాలుకి ఎక్కడలేని ఊపు వచ్చింది. చీర కొంగు బొడ్లో దోపింది. ఒక బల్ల మీద వంజరం కనపడింది, చక్కగా, మెరుస్తూ. మొప్ప ఎత్తి ఎరుపు చూసింది. వేలితో నొక్కింది. కొట్టువాడు ఏదో రేటు చెప్పాడు. సీతాలు ఆ భాష తెలియకపోయినా ఆ రేటుకి నొచ్చుకున్నట్టు మొహం పెట్టింది. వాడు నవ్వాడు. ఆవిడ తిరిగి వెళ్ళిపోయింది. వాడు పిలిచాడు. ఆవిడ వినలేదు. మళ్ళీ పిలిచాక వచ్చి, వేళ్ళు చూపించింది. వాడు గుండె మీద చెయ్యి వేసుకుని ఎవరి మీదో ఒట్టు పెట్టాడు. సీతాలు తెలుగులో, పేటంతా వినపడే గొంతుతో, తను ఎవరో, ఎక్కణ్ణించి వచ్చిందో, నిన్నటి చేపని ఇవాళ్టిదంటే తనెందుకు నమ్మదో చెప్పింది. చుట్టుపక్కల బల్లల వాళ్ళు పని ఆపి నిలబడ్డారు.

గురువులు ఒక స్తంభం పక్కన నిలబడి చూస్తున్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. పెద్ద చేప వలకి తగిలినప్పుడు పడవ మీద ఎలా నిలబడేవాడో, అలా నిలబడ్డాడు.

బేరం తెగింది. వాడు చేప సంచిలో వేసి ఇచ్చాడు. సంచి చేతిలోకి వచ్చాక సీతాలుకి అసలు సంగతి గుర్తొచ్చింది. ఇక్కడ పొయ్యి లేదు, ఇల్లు లేదు, ఓడలోకి పచ్చి చేపని రానివ్వరు. గెలిచిన ఆనందంలో ఈ ముక్కే మరిచిపోయింది.

"ఇప్పుడీ సేపనేటి సేత్తాం?" అన్నాడు గురువులు.

"ఒడ్డు మీద సంగతి నన్నడక్కు" అంది సీతాలు, అడగాల్సింది తననే అయినా. సంచి ఆయన చేతిలో పెట్టింది. ఆయన పుచ్చుకున్నాడు.

పక్క సందులో చేపలు వేయించి ఇచ్చే చిన్న హోటలుందని మోహన్ కనిపెట్టాడు. అక్కడిదాకా ముగ్గురూ నడిచారు, సీతాలు ముందు, సంచి పట్టుకుని గురువులు వెనక. దారిలో సీతాలు ఆగి ఆగి రోడ్డు మీద ఎండని చూసింది. తెల్లగా, గట్టిగా, అడ్డం లేని ఎండ. ఎక్కడా ఒక చేప పరచలేదు.

"ఇంత ఎండ ఉత్తినే పోతంది" అంది బాధగా.

"పట్టా తెచ్చేవు కదా, పరిసెయ్."

"పరిత్తే నువ్వు కాకుల్ని తోల్తావా?"

"తోల్తాను" అన్నాడు గురువులు. పక్కకి వచ్చి నడిచాడు. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదేమో, సీతాలు తల తిప్పి అత్తరు కొట్టు కేసి చూసింది.

వేయించిన చేప వచ్చాక గురువులు మొదటి ముక్క, నడుము దగ్గర మంచి ముక్క, పక్కకి తీసి కాగితంలో చుట్టాడు. ఎవరికని ఎవరూ అడగలేదు. మోహన్ మాత్రం వండినవి కూడా ఓడలోకి రానివ్వరయ్యా అన్నాడు. అయితే వాడినే కిందకి రమ్మను అన్నాడు గురువులు. ఆ తరవాత కోట కింద నుంచి చూశారు. బంగారం కొట్ల ముందు అనూరాధ కోసం ఫోటోలు తీశారు. ఒంటె ఎక్కడా కనపడలేదు. కవళ్ళ సంగతి ఇప్పటికీ తేలలేదు, చంద్రిక బతికిపోయింది.

సాయంత్రం ఓడ మెట్ల దగ్గర గురువులు కాగితం పొట్లం పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కమంటే ఎక్కలేదు. జనం పక్క నుంచి పోతున్నారు. చివరికి ఉమామహేష్ ఎవరినో బతిమాలి మెట్ల కిందకి దిగివచ్చాడు. అక్కడే నిలబడి, చల్లారిన వంజరం ముక్క ముల్లు కూడా మిగల్చకుండా తిన్నాడు.

"ఓడ ఎక్కడికీ పోలేదు తాతా" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

"తెలుత్తంది" అన్నాడు గురువులు. "ఆ తాడు బిగించేరు."

తిరిగొచ్చాక వరహాలమ్మ గోడ మీంచి తల పెట్టి, ఏం చూశావు సీతాలూ ఎడారిలో అని అడిగింది. కోట అంటుందనుకుంది, బంగారం అంటుందనుకుంది.

"మా మావ సంచి మోసేడు" అంది సీతాలు.

వరహాలమ్మ తల గోడ వెనక్కి తీసుకుంది. ఆ రోజు సీతాలుకి టీ బాగా దిగింది.

అప్పటి నుంచి గురువులు పొద్దున్నే బజారుకి కూడా వస్తున్నాడు. సీతాలు తట్ట వెనక ఒక ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, మొహం జనం వైపు, వీపు సముద్రం వైపు పెట్టి కూర్చుంటాడు. ఆవిడ బేరం బిగిస్తున్నప్పుడల్లా మధ్యలో దూరి, పోన్లే ఇచ్చెయ్ అంటాడు. ముసలివాళ్ళు వస్తే నాలుగు నెత్తళ్ళు ఎక్కువ వేసేస్తాడు. సీతాలు మండిపడుతుంది.

"ఒడ్డు నాది మావా. నువ్వు నీ సముద్రం కాడికి పో."

ఆయన స్టూలు మీంచి కదలడు. ఆవిడ కూడా రెండోసారి పొమ్మనదు.